గవ్వ అందం కోసం నత్తను చంపొద్దు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, మిత్రులందరికీ నమస్కారం. సముద్ర జీవుల విషాల మీద మాట్లాడమన్నారు. నేను మాత్రం ఒక్క నత్త గురించే చెబుతాను. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దానికి కోనస్ జియోగ్రాఫస్ అని పేరు పెట్టాడు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల్లో ఉంటుంది. నడక మహా నెమ్మది, తినేది మాత్రం చేపల్ని! నోటిని వలలా పరిచి, నీళ్లలోకి ఇన్సులిన్ వదిలి చేపల్ని నీరసింపజేస్తుందని 2015లో పరిశోధకులు చెప్పారు. మింగాక బోలు పంటితో పొడిచి విషం ఎక్కిస్తుంది.

1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ దీవిలో 27 ఏళ్ల యువకుణ్ణి ఇది కుట్టింది. అప్పుడతను ఏం చేస్తున్నాడో వినండి. బతికున్న నత్తను అరచేతిలో పెట్టుకుని, గవ్వ మీది పలుచని పొరను కత్తితో గీకుతున్నాడు. కింద రంగులు కనబడాలని! కుట్టిన చోట నొప్పే లేదు, కాస్త తిమ్మిరి. పది నిమిషాలకు పెదవులు బిగుసుకున్నాయి. అరగంటకు కాళ్లు చచ్చుబడ్డాయి. గంటకు స్పృహ పోయింది. కొన్ని గంటల్లో ప్రాణం పోయింది. ఇప్పటికీ దీనికి విరుగుడు మందు లేదు. ఊపిరి ఆగకుండా యంత్రంతో నిలబెట్టడమే వైద్యం.

ఈ కథ చెప్పి అందరూ నత్తను హంతకి అంటారు. నాకు కోపం అక్కడే వస్తుంది. కత్తి పట్టుకున్నది ఎవరండీ? ఒడ్డుకు కొట్టుకొచ్చే గవ్వ అరిగి, వెలిసి ఉంటుంది. నిగనిగలాడేది కావాలంటే ప్రాణంతో ఉన్నదాన్నే పట్టి చంపాలి. మీ ఇళ్లలో అద్దాల బీరువాలో మెరిసే గవ్వలున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా, ఎంతమందో!

కుట్టినా నొప్పి లేదన్నాను కదా, ఆ మాట దగ్గరకే వస్తున్నా. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమెరో ఒలివెరా ఈ జాతి విషాలను ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆయన ప్రయోగశాలలో మైకేల్ మెకింటాష్ అనే కుర్ర విద్యార్థి, దీని బంధువు కోనస్ మేగస్ విషం నుంచి ఒక పెప్టైడును, అంటే ప్రొటీన్ లాంటి చిన్న అణువును, వేరుచేశాడు. అదే జికోనోటైడ్ అనే మందైంది. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు. నొప్పి కబురు మోసే నరాల్లో కాల్షియం దారుల్ని మూసేస్తుంది. మార్ఫిన్‌కు లొంగని నొప్పితో మంచం పట్టినవాళ్లకు అదెంత వరమో ఆలోచించండి! ఒక్కో జాతి విషంలో ఇలాంటి పెప్టైడులు వందల్లో ఉంటాయి. చాలావాటిని ఇంకా ఎవరూ పరీక్షించనే లేదు.

నిర్వాహకులు మన్నించాలి. ఈ సభలో అతిథులకు గవ్వల జ్ఞాపికలు ఇస్తున్నారు. నాకు వద్దు. వచ్చే ఏడాది నుంచి ఎవరికీ ఇవ్వొద్దని అందరి ముందూ అడుగుతున్నాను.