300 ప్లాన్ తీసుకున్నా స్పీడ్ 94 దగ్గరే ఎందుకు ఆగుతోంది?

[తెర మీద: స్పీడ్ టెస్ట్ మీటరు 94 దగ్గర ఆగి ఉంటుంది]

వంద ఎంబీపీఎస్ చాలడం లేదని 300 ప్లాన్‌కి మారారు. డబ్బు కట్టారు, ప్లాన్ మారినట్టు మెసేజ్ కూడా వచ్చింది. స్పీడ్ టెస్ట్ పెడితే 94. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే 93. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మా వైపు నుంచి 300 వస్తోందండీ, వైఫైలో అంతే వస్తుంది" అంటారు. లైన్ చూడ్డానికి వచ్చినాయన "ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోండి సార్" అని చెప్పి వెళ్లిపోతాడు. 500 ప్లాన్ తీసుకుంటారు. మళ్లీ 94.

ఇలా డబ్బు పోగొట్టుకోవాల్సిన అవసరం లేదు. స్పీడ్ ఎంత దగ్గర ఆగిందో చూస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. 94 అయితే ఒక చోట. 40 అయితే ఇంకో చోట. పొద్దున 280 వచ్చి రాత్రి 60కి పడిపోతుంటే అసలు మీ ఇంట్లో లోపమే లేదు. ప్లాన్ మార్చే ముందు ఈ అంకెని చదవడం నేర్చుకుందాం.

[తెర మీద: ఓఎన్‌టీ పెట్టె, దాని నుంచి ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్]

ముందు కొలత సరిగ్గా ఉండాలి. వీధిలోంచి వచ్చిన సన్నటి ఫైబర్ తీగ వచ్చి దిగే పెట్టెని ఓఎన్‌టీ అంటారు. చాలామంది దాన్నే రౌటర్ అంటారు, వైఫై కూడా అందులోనే ఉంటుంది కాబట్టి. ఒక ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా ఆ పెట్టెకి కలపండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. టీవీ, మిగతా ఫోన్లు కాసేపు నెట్ వాడకుండా చూడండి. అప్పుడు టెస్ట్ పెట్టండి. పొద్దున ఆరేడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. రెండూ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. కంప్లయింట్ ఇచ్చేటప్పుడు ఫోన్ వైఫైలో తీసిన టెస్ట్‌ని కంపెనీ వాళ్లు తేలిగ్గా కొట్టిపారేస్తారు, కేబుల్‌తో తీసిన టెస్ట్‌ని అలా కొట్టిపారేయలేరు.

ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. చవగ్గా దొరికే అడాప్టర్లలో చాలావరకు 100 ఎంబీపీఎస్ దాటవు. లైన్ బాగానే ఉన్నా అడాప్టర్ వల్లే 94 చూపిస్తుంది. పెట్టె మీద "గిగాబిట్", "యూఎస్‌బీ 3.0" అని రెండూ ఉన్నదే తీసుకోండి.

ఇంకో మాట. డౌన్‌లోడ్ పెట్టినప్పుడు కనపడేది మెగాబైట్లు, ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు. ఎనిమిదితో భాగించాలి. 300 ప్లాన్‌లో సినిమా ఫైలు సెకనుకి 37 ఎంబీ చొప్పున దిగుతుంటే మీకు రావాల్సింది పూర్తిగా వస్తున్నట్టే.

[తెర మీద: పెద్ద అక్షరాల్లో "94"]

ఇప్పుడు 94 సంగతి. ల్యాన్ కేబుల్ గుచ్చే ఈథర్‌నెట్ పోర్టులు ఇళ్లలో ప్రధానంగా రెండు రకాలు. పాతవి, చవకవి 100 ఎంబీపీఎస్‌వి. కొత్తవి 1000వి, వాటినే గిగాబిట్ అంటారు. 100 పోర్టు లోంచి వెళ్లే ప్రతి డేటా ప్యాకెట్ వెంట చిరునామాలాంటి అదనపు సమాచారం కూడా వెళ్లాలి. దానికి ఐదారు శాతం పోతుంది. మిగిలేది 94, 95. అందుకే పొద్దున చూసినా రాత్రి చూసినా అంకె కదలకుండా 93–95 మధ్యే ఉందంటే, దారిలో ఎక్కడో 100 పోర్టు గానీ, 100కి పడిపోయిన కేబుల్ గానీ ఉన్నట్టే. ప్లాన్ 500 చేసినా, 1000 చేసినా ఇది మారదు.

ఎక్కడుందో పట్టుకోవడానికి విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ అని వెళ్లండి. అక్కడ లింక్ స్పీడ్ 1000/1000 అని ఉండాలి. 100/100 అని ఉంటే దొంగ దొరికినట్టే. ఇక ఒక్కొక్కటి మార్చి చూడటమే.

మొదట పోర్టు మార్చండి. కొన్ని ఓఎన్‌టీల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100. కింద అంటించిన స్టిక్కర్ మీదో, పోర్టు పక్కనో "జీఈ" అని ఉంటే గిగాబిట్, "ఎఫ్‌ఈ" అని ఉంటే 100. అన్నీ ఎఫ్‌ఈలే అయితే ఆ పెట్టె మీ 300 ప్లాన్‌కి పనికిరాదు. మార్చి ఇవ్వమని కంపెనీనే అడగాలి, ఆ ప్లాన్ అమ్మింది వాళ్లే కాబట్టి.

తర్వాత కేబుల్. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కి నారింజ జత, ఆకుపచ్చ జత చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. నీలం గానీ గోధుమ గానీ ఒక్క తీగ తెగినా, కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా నెట్ ఆగిపోదు. చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. అన్నీ పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు. కొన్నిచోట్ల తీగలు మిగులుతాయని కావాలనే రెండు జతలే క్రింప్ చేసి, అంటే కనెక్టర్‌లో బిగించి వెళ్తారు.

[తెర మీద: కనెక్టర్ దగ్గరగా, ఎనిమిది రంగులు వరసగా]

మళ్లీ క్రింప్ చేయించేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. వరస ఇది: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస. జతల మెలికని అర అంగుళానికి మించి విప్పకూడదు. కొత్త కేబుల్ కొంటే క్యాట్ 5ఈ చాలు, గిగాబిట్ వంద మీటర్ల దాకా పోతుంది. కానీ పూర్తి రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసింది చవగ్గా వస్తుంది, కానీ మలుపుల దగ్గర తొందరగా విరుగుతుంది. గోడలో పైపు లోంచి లాగించాక అది విరిగితే మళ్లీ పనంతా మొదటికొస్తుంది.

చివరగా మీరు సొంతంగా కొన్న రౌటర్. దాని పెట్టె మీద 300 అనో, 1200 అనో ఉండొచ్చు. అది వైఫై లెక్క, 1200 అయితే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు వైఫై బ్యాండ్లూ కలిపి. వెనక పోర్టులు మాత్రం 100వే అయ్యుండొచ్చు. లోపలికి వచ్చే పోర్టే 100 అయితే ఆ 1200 ఎక్కడ్నుంచి వస్తుంది? కొనే ముందు స్పెసిఫికేషన్లలో "10/100" అని ఉందా, "10/100/1000" అని ఉందా చూడండి. రౌటర్ కొనేటప్పుడు యాంటెనాల సంఖ్య కంటే ఇదే ముఖ్యం.

[తెర మీద: పెద్ద అక్షరాల్లో "40"]

కేబుల్‌తో 300 వస్తోంది, ఫోన్లో మాత్రం 40 దగ్గర కొట్టుకుంటోంది. ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పని. కొన్ని ఓఎన్‌టీల్లో ఆ ఒక్క బ్యాండే ఉంటుంది. ఫోన్లో లింక్ స్పీడ్ 72 అనో 144 అనో చూపిస్తుంది. చేతికి వచ్చేది అందులో సగం. అపార్ట్‌మెంట్లో చుట్టూ ఇరవై రౌటర్లుంటే ఇంకా తక్కువ. ఈ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు మూడే: 1, 6, 11. రౌటర్ సెట్టింగుల్లో చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి, ఈ మూడింట్లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. కొంత మెరుగుపడుతుంది, 300 మాత్రం రాదు.

300 కావాలంటే 5 గిగాహెర్ట్జ్ కావాలి. రెండు బ్యాండ్లూ ఒకే పేరుతో ఉంటే ఫోన్ చాలాసార్లు 2.4నే పట్టుకుని కూర్చుంటుంది, దాని సిగ్నల్ దూరం నుంచి కూడా బలంగా కనపడుతుంది కాబట్టి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి (చాలావాటికి బ్రౌజర్లో 192.168.1.1 అని కొట్టాలి) రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ 5కి కలపండి. స్మార్ట్ బల్బులు, సీసీ కెమెరాల్లో చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి, వాటికి అది ఉంచండి.

5 గిగాహెర్ట్జ్‌కి గోడలంటే పడదు. మన ఇళ్లలో ఇటుక గోడలు, పైన ఆర్‌సీసీ స్లాబు. స్లాబు దాటి మేడ మీదికి వెళ్లేసరికి దాదాపు ఏమీ మిగలదు. పైగా ఫైబర్ తీగ హాల్లో కిటికీ లోంచి వస్తుంది కాబట్టి పెట్టెని టీవీ వెనకో, టీవీ యూనిట్ అరలోనో పెట్టేస్తారు. ఇనప బీరువా, పెద్ద అద్దం, టీవీ వెనక రేకు, అన్నీ అడ్డమే. ఫైబర్ బిగించడానికి వచ్చిన రోజే ఇంటి మధ్యలో, తలెత్తు కంటే పైన పెట్టించుకోండి. తర్వాత జరపాలంటే తీగ చాలదంటారు.

పై అంతస్తుకి చవగ్గా రిపీటర్ కొనమని చాలామంది చెబుతారు. ఒకే బ్యాండ్‌తో అందుకుని అదే బ్యాండ్‌తో పంపే రిపీటర్ స్పీడ్‌ని సగం చేస్తుంది. ఇల్లు కట్టుకుంటున్న వాళ్లకి గట్టిగా చెప్పేదొకటే: ప్రతి గదికీ కరెంటు పైపుకి విడిగా, ల్యాన్ కేబుల్ కోసం ఒక ఖాళీ పైపు వేయించండి. ఇల్లు అయిపోయిన వాళ్లు మెట్ల పక్కనుంచి అయినా సరే ఒక కేబుల్ పైకి లాగి, అక్కడ ఇంకో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే కేబుల్‌తో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడానికి మాత్రమే పెట్టండి. ఎంత ఖరీదైన మెష్ (ఇల్లంతా ఒకే వైఫైగా పనిచేసే రెండు మూడు పెట్టెల సెట్టు) అయినా వెనక కేబుల్ ఉంటేనే పూర్తి బలంతో పనిచేస్తుంది.

[తెర మీద: పొద్దున 285, రాత్రి 60]

కేబుల్‌తో చూసినా పొద్దున బాగా వచ్చి, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య పడిపోతుంటే మీ ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు. మన ఊళ్లలో ఎక్కువగా ఉన్నది జీపాన్ పద్ధతి. ఆపరేటర్ దగ్గర ఒక పోర్టు నుంచి వచ్చే ఫైబర్‌ని స్ప్లిటర్లతో 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. పోర్టు మొత్తం సామర్థ్యం డౌన్‌లోడ్‌కి 2.5 గిగాబిట్లు. 32 మందీ ఒకేసారి పూర్తిగా లాగితే తలా 78 ఎంబీపీఎస్. అలా అందరూ ఒకేసారి లాగడం అరుదే. అంతకంటే తరచుగా జరిగేది, కనెక్షన్లు పెరిగినంతగా స్థానిక ఆపరేటర్ పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్ పెంచకపోవడం. రెండిట్లో ఏదైనా, పెద్ద ప్లాన్ తీసుకుంటే అదే రద్దీలో ఎక్కువ డబ్బు కట్టినట్టవుతుంది. పక్కింటి వాళ్లది వేరే కంపెనీ అయితే రాత్రి తొమ్మిదింటికి వాళ్లింట్లో ఒక టెస్ట్ పెట్టి చూడండి. కంపెనీ మార్చాలో లేదో తేలిపోతుంది.

గిగాబిట్ లింక్ ఉండి కూడా కచ్చితంగా మీ పాత ప్లాన్ స్పీడ్ దగ్గరే ఆగుతోందంటే, బిల్లింగ్‌లో ప్లాన్ మారింది గానీ లైన్ మీద కంపెనీ పెట్టే స్పీడ్ హద్దు, అంటే స్పీడ్ ప్రొఫైల్ మారలేదు. ఓఎన్‌టీని ఐదు నిమిషాలు ఆపి పెడితే కొత్త సెషన్ మొదలై సరిపోవచ్చు. సరిపోకపోతే "నా ఐడీకి స్పీడ్ ప్రొఫైల్ మార్చారా" అని ఇవే మాటల్లో అడగండి. నెలాఖర్లో మాత్రమే పడిపోతుంటే వాడకం చూసుకోండి. "అన్‌లిమిటెడ్" ప్లాన్లకి కూడా పరిమితి ఉంటుంది, చాలావాటికి నెలకి 3300 జీబీ.

[తెర మీద: ఓఎన్‌టీ మీద ఎర్రగా మెరిసే దీపం]

స్పీడ్ టెస్ట్ బాగానే వస్తుంది, కానీ కాల్ మధ్యలో తెగుతుంది, వాన పడితే నెట్ పోతుంది. అప్పుడు ఫైబర్‌లో వెలుతురు చూడాలి. ఓఎన్‌టీ సెట్టింగుల పేజీలో పాన్ అనో ఆప్టికల్ అనో ఉన్న చోట ఆర్‌ఎక్స్ పవర్, అంటే మీ పెట్టెకి చేరే వెలుతురు బలం ఉంటుంది. దాన్ని డీబీఎమ్‌లలో కొలుస్తారు. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎమ్ మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 సాధారణ ఓఎన్‌టీకి ఆఖరి గీత. మూడు డీబీ తగ్గిందంటే వెలుతురు సగం పోయిందని అర్థం. అయితే వెలుతురు తగ్గేకొద్దీ స్పీడ్ మెల్లగా తగ్గదు. గీత దాకా బాగానే ఉండి, దాటాక తప్పులు మొదలై లైన్ తెగుతూ కలుస్తూ ఉంటుంది. మైనస్ 26లో ఉన్న లైన్ ఇవాళ 300 చూపించినా, స్తంభం మీద పెట్టెలోకి తేమ చేరిన రోజున ఆగిపోతుంది.

ఎక్కువగా తప్పు ఉండేది కిటికీ రెక్కకి నలిగిన తీగలో, మేకు చుట్టూ గట్టిగా తిప్పిన మలుపులో, అతుకు యంత్రం లేకుండా చేత్తో బిగించిన కనెక్టర్లో. ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం దాంట్లో గుచ్చినా వెలుతురు పోతుంది. ఆకుపచ్చ దాని మొన 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, రెండూ ఒరుసుకుని కూర్చోవు. వచ్చినాయన్ని పవర్ మీటర్ తెచ్చి స్తంభం దగ్గర ఒకసారి, ఇంట్లో ఒకసారి కొలవమనండి. రెండింటికీ తేడా ఒకటి రెండు డీబీ దాటితే ఇంటికొచ్చే తీగే మార్చాలి. ఫైబర్ చివరని మాత్రం కంటికి ఎదురుగా పెట్టుకుని చూడకండి. అందులోని కాంతి కంటికి కనపడదు గానీ కంటికి హాని చేయగలదు.

[తెర మీద: ఫోన్, పక్కన కాగితం మీద ఫిర్యాదు నంబరు]

ఫిర్యాదు ఇచ్చేటప్పుడు "నెట్ స్లోగా ఉంది" అనకండి. "గిగాబిట్ కేబుల్‌తో, లింక్ 1000 ఉండగా, రాత్రి తొమ్మిదింటికి ఇంత వచ్చింది, ఆర్‌ఎక్స్ పవర్ ఇంత ఉంది" అని చెప్పండి. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు తీసుకోండి, అది ఇవ్వడం వాళ్ల బాధ్యత. గడువులోగా పరిష్కారం కాకపోతే, లేదా చేసింది మీకు సరిపోకపోతే, అదే కంపెనీలో ఉండే అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లో అప్పీలు చేయొచ్చు. 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడివిడిగా వినియోగదారుల ఫిర్యాదులు పరిష్కరించదు, నియమాలు మాత్రమే పెడుతుంది. అప్పీలులోనూ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. స్క్రీన్‌షాట్లు, డాకెట్ నంబరు, బిల్లు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.