మీ పాత ఈపీఏబీఎక్స్‌ను తుక్కు కింద అమ్మకండి!

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈపీఏబీఎక్స్ అంటే దుకాణంలోని ఫోన్లన్నిటినీ కలిపే చిన్న ఎక్స్ఛేంజ్ యంత్రం, ఐపీ ఫోన్లంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవి. "పాత ఈపీఏబీఎక్స్ ఐపీ ఫోన్లతో కలవదు, వాయిస్‌మెయిల్‌తో సహా మొత్తం పీకేసి కొత్తది పెట్టించుకోండి" అంటూ మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వ్యాపారుల చేతుల్లో కొటేషన్లు పెడుతున్నారన్న సంగతి మీకు తెలిసిందే. ఆ మాట అబద్ధం. రెండూ కలుస్తాయి, కలపడం చేతకానివారే కలవవంటున్నారు.

మా మేనమామ గారికి బరంపురంలో బట్టల టోకు దుకాణం ఉంది. ఇచ్ఛాపురం చిల్లర వ్యాపారులు తెలుగులోనూ, ఆస్కా వారు ఒడియాలోనూ రాత్రిపూట చెప్పే ఆర్డర్లన్నీ అక్కడి పాత వాయిస్‌మెయిల్ పెట్టెలోనే చేరతాయి. గోదాములో ఐపీ ఫోన్లు పెట్టించి, పాత ఎక్స్ఛేంజ్‌కూ వాటికీ మధ్యలో దుబాసీలా పనిచేసే గేట్‌వే బిగించినప్పుడు మాట స్పష్టంగానే వినిపించింది. అయితే గోదాము నుంచి పాస్‌వర్డ్ అంకెలు నొక్కితే ఆ పెట్టె ఒక్క అంకెనూ గుర్తించలేదు. బిగించిన మనిషి దాన్ని తెరిచైనా చూడకుండా, పెట్టె పాడైందని తేల్చి కొత్తదానికి బేరం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పెట్టె నిక్షేపంగా ఉంది, దారిలో చెడింది టోను. మీరు 5 నొక్కినప్పుడు 770, 1336 హెర్ట్జ్‌ల రెండు స్వరాలు ఒకేసారి పలుకుతాయి, పాత పెట్టెకు తెలిసిన భాష అదొక్కటే. ఐపీ దారిలో మాటను అంకెలుగా మార్చి పంపే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.729 అనే కోడెక్ మనిషి గొంతు తీరును ఆధారం చేసుకుని మాటను సెకనుకు 8 కిలోబిట్లకు కుదిస్తుంది కాబట్టి, గొంతు కాని ఆ జంట స్వరాలు అందులో వంకరపోతాయి. జీ.711 కోడెక్ అయితే సెకనుకు 64 కిలోబిట్లు తీసుకుని టోనును చెక్కుచెదరకుండా దాటిస్తుంది, సొంత కేబుల్ మీద నడిచే దుకాణానికి అది బరువే కాదు. లేదంటే 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2833 అనే ఇంటర్నెట్ ప్రమాణం చెప్పే పద్ధతిలో అంకెను విడి ప్యాకెట్‌గా పంపితే, అవతల గేట్‌వే మళ్లీ స్వచ్ఛమైన టోను పుట్టిస్తుంది. మేము గేట్‌వేలో సెట్టింగులు మార్చాము, అంతే. పైసా ఖర్చు లేకుండా పెట్టె తెరుచుకుంది.

ఎవరి ఫోన్ మోగి ఎత్తకపోతే కాల్ ఇటు మళ్లిందో కూడా చిన్న ఎక్స్ఛేంజ్‌లలో చాలావరకు వాయిస్‌మెయిల్‌కు టోన్లతోనే చెబుతాయి. ఆ సమాచారం మధ్యలో పోతే, లెక్కల గుమాస్తా కోసం చేసిన ఖాతాదారుకు "మెయిల్‌బాక్స్ నంబరు నొక్కండి" అన్న పలకరింపు వినిపిస్తుంది, ఆయన విసుగెత్తి పెట్టేస్తాడు. ఫోన్ మీద సందేశం ఉందని చెప్పే దీపం సంగతీ ఇంతే, వెలగకపోతే పెట్టెను తిట్టకండి: ఐపీ ఫోన్లు కాల్స్ కలుపుకునే ఎస్‌ఐపీ పద్ధతిలో దానికి 2004లోనే ఆర్‌ఎఫ్‌సీ 3842 అనే ప్రమాణం వచ్చింది.

కార్డు కాలిపోయి విడిభాగం దొరకకపోతే తప్పకుండా మార్చండి, అది వేరే సంగతి. అలా కాకపోతే, కొటేషన్ మీద సంతకం పెట్టేముందు ఆ మనిషిని మీ ఎదుటే ఐపీ ఫోన్ నుంచి వాయిస్‌మెయిల్‌కు కలిపి 5 నొక్కమనండి. పెట్టె పలకకపోతే, గేట్‌వేలో ఏ కోడెక్ పెట్టారో, అంకెలను ఏ పద్ధతిలో పంపుతున్నారో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి.