మూడు నెలలు స్పిన్నింగ్ క్లాస్‌కి వెళ్ళాను, ఇదీ నా రివ్యూ (మన ఆడవాళ్ళ కోసం)

హాయ్ అండి, అందరూ బాగున్నారా. జనవరిలో ఒక షార్ట్ వీడియో పెట్టాను కదా, జిమ్‌లో సైకిల్ తొక్కుతూ చెమటకి తడిసి ముద్దైపోయి ఉన్నది, దాని కింద మీలో చాలామంది అడిగింది ఒకటే, అక్కా ఇది నిజంగా పనికొస్తుందా, డబ్బులు దండగా అని. అప్పటికి నావి ఆరు క్లాసులే అయ్యాయి, ఆరు క్లాసులకే రివ్యూ చెప్పేస్తే అది మిమ్మల్ని మోసం చేసినట్టే, అందుకే ఆగాను. ఇప్పుడు మూడు నెలలైంది, వారానికి మూడు చొప్పున 36 క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు. ఫీజు నేనే కట్టుకున్నాను. జిమ్ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే కొన్ని లోపాలు కూడా చెప్తాను, అవి మీ ఊళ్ళో మీ జిమ్‌లో కూడా ఉండొచ్చు.

ముందు అసలు ఇదేంటో తెలియనివాళ్ళకి. ఒక గదిలో ఇరవై దాకా బైకులుంటాయి, కదలవు, ముందు ఒక బరువైన ఇనప చక్రం ఉంటుంది, దాన్నే ఫ్లైవీల్ అంటారు, ఎదురుగా ఇన్‌స్ట్రక్టర్, పెద్ద సౌండ్‌తో పాటలు, లైట్లు తగ్గించేస్తారు. పాటని బట్టి స్పీడు, మధ్యమధ్యలో నాబ్, అంటే సీటుకి ముందు రెండు కాళ్ళ మధ్య ఉండే పిడి, కుడి వైపు తిప్పి బరువు పెంచమంటారు, అంటే ఎత్తు ఎక్కుతున్నట్టు. అంతే.

ఇది ఎలా పుట్టిందో తెలుసుకున్నాక నాకు దీని మీద గౌరవం పెరిగింది. జానీ గోల్డ్‌బర్గ్ అని సౌత్ ఆఫ్రికా నుంచి అమెరికా వెళ్ళిన సైక్లిస్టు, 1980లలో అక్కడ ఆ చివర నుంచి ఈ చివర దాకా దేశమంతా తొక్కే రేసు కోసం రాత్రిళ్ళు రోడ్డు మీద ప్రాక్టీస్ చేసేవాడు, ఒక రాత్రి కారు గుద్దబోయి తృటిలో తప్పిపోయింది. అప్పుడు వాళ్ళావిడ కడుపుతో ఉంది. ఇంక రోడ్డు మీద కాదని ఇంట్లోనే తొక్కుకోడానికి ఒక బైక్ తయారు చేసుకున్నాడు, అది చూసి పక్కవాళ్ళు వచ్చారు, అలా అలా క్లాసులైంది, 90ల మధ్యకొచ్చేసరికి స్పిన్నింగ్ అనే పేరుతో ఊరూరా పాకింది. అంటే చూడండి, రోడ్డంటే ఉన్న భయంలోంచే ఈ గది పుట్టింది. ఒక్క రాత్రి కారు మీదకొస్తే ఆయనకి ఆ భయం తెలిసింది, మనకైతే రోడ్డెక్కిన ప్రతి రోజూ ఉంటుంది అది, కారు భయం ఒక్కటే కాదు, వెనక బండి మీద వచ్చేవాడు ఏమంటాడో, ఎవరు వీడియో తీస్తారో.

నేను తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పెరిగాను. నాన్న సైకిల్‌కి కాళ్ళు అందక బార్ కింద నుంచి కాలు పెట్టి తొక్కి నేర్చుకున్నాను, మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. తొమ్మిదో క్లాసు దాకా తొక్కాను. తర్వాత ఆగిపోయింది, ఎవరూ కూర్చోబెట్టి వద్దని కూడా చెప్పలేదు, పెద్దదానివయ్యావు కదమ్మా అన్నారు అంతే, సైకిల్ తమ్ముడికి వెళ్ళిపోయింది. మా బ్యాచ్‌లో పద్నాలుగు మంది ఆడవాళ్ళం, ఒకరోజు క్లాస్ అయ్యాక అందరం నీళ్ళు తాగుతూ మాట్లాడుకుంటే పదకొండు మందిది ఇదే కథ, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఆగిపోయారు. ఒకావిడకి 52 ఏళ్ళు, గవర్నమెంట్ స్కూల్ టీచర్ గారు, ఆవిడ అన్నారు, మా స్కూల్లో ఆడపిల్లలకి సైకిళ్ళు పంచేటప్పుడు ఫోటోకి నిలబడ్డానే గానీ నేను ఎక్కి నలభై ఏళ్ళయిందమ్మా అని. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

సరే, అసలు రివ్యూకి వద్దాం. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నేను మొదటి వారమే ఇక్కడ దెబ్బ తిన్నాను.

సీటు. మొదటి రోజు నేను వెళ్ళేసరికి క్లాస్ మొదలయ్యే టైమైంది, ఇన్‌స్ట్రక్టర్ ఆ బైక్ తీసుకోండి మేడమ్ అన్నాడు, అంతకుముందు బ్యాచ్‌లో ఎవరో ఆరడుగులాయన తొక్కి వెళ్ళిన బైక్ అది, నేను అయిదడుగుల ఒక అంగుళం. అలాగే ఎక్కేశాను. పెడల్ కిందకి వెళ్ళినప్పుడల్లా నడుము అటూ ఇటూ ఊగుతుంది, పాదం వేళ్ళ మీద సాగదీసి తొక్కాను, వారం రోజులు మోకాలి వెనక నరం లాగేసింది, మెట్లు దిగలేకపోయాను. రెండో వారం వేరే ఇన్‌స్ట్రక్టర్, అమ్మాయి, వచ్చి రెండు నిమిషాల్లో సెట్ చేసింది. ఎలా అంటే, బైక్ పక్కన నిలబడండి, మీ నడుము పక్క ఎముక తగులుతుంది కదా, సీటు పైభాగం ఆ ఎత్తుకి రావాలి, ఇది మొదటి లెక్క. తర్వాత ఎక్కి కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందకి తిప్పండి, కాలు సరిగ్గా నిటారుగా రావాలి, నడుము పక్కకి వాలకూడదు. ఇప్పుడు పాదం ముందు భాగం పెట్టి తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే కావాల్సింది. ఆ తర్వాత రెండు పెడల్స్ ఒకే లెవెల్లో ఆపి చూస్తే ముందున్న మోకాలు పాదం ముందు భాగానికి నేరుగా పైన ఉండాలి, లేకపోతే సీటు ముందుకో వెనక్కో జరపాలి. హ్యాండిల్ మాత్రం కొత్తలో సీటు కన్నా కొంచెం పైకే పెట్టుకోండి, నడుము నొప్పి రాదు. ఈ నంబర్లు బైక్ మీద గీతల పక్కనే రాసి ఉంటాయి, ఫోన్‌లో నోట్ చేసుకోండి, ఇంకెవర్నీ అడగక్కర్లేదు ఎప్పటికీ.

నాబ్ గురించి ఇంకోటి. కొత్తలో అందరం చేసే పని ఏంటంటే నాబ్ పూర్తిగా వదులు చేసేసి రయ్యిమని తొక్కేస్తాం, చూడ్డానికి స్పీడుగా ఉంటుంది, కానీ అప్పుడు చక్రం మిమ్మల్ని తిప్పుతుంది, మీరు దాన్ని కాదు, సీటు మీద ఎగిరెగిరి పడతారు, మోకాళ్ళకి మంచిది కాదు. ఎప్పుడూ పాదం కింద కొంచెం బరువు తెలియాలి. ఇది మామూలు సైకిల్‌లా తొక్కడం ఆపేస్తే ఊరికే జారిపోదు, పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి, కాలు తీసేస్తే పిక్కకి తగులుతుంది, ఆపాలంటే నాబ్ కిందకి నొక్కాలి చాలా బైకుల్లో. ఇది మొదటి రోజే నేర్పాలి, మాకు మూడో క్లాసులో చెప్పారు, అది తప్పు.

బట్టలు. చున్నీ వద్దండి, దయచేసి, అది ఫ్లైవీల్‌లోకి పోతుంది. మామూలు టీషర్ట్, లెగ్గింగ్స్ చాలు, కుర్తీ పొట్టిదైతే కుర్తీ అయినా పర్లేదు. ఎవరూ ఎవర్నీ చూడరు అక్కడ, లైట్లు తగ్గించేస్తారు కాబట్టి. సీటు నొప్పి గురించి మనవాళ్ళు ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను, మొదటి రెండు వారాలు కూర్చునే చోట బాగా నొప్పి వస్తుంది, అది మామూలే, తగ్గిపోతుంది. కానీ ముందు వైపు తిమ్మిరి, రాపిడి, మంట వస్తే అది మామూలు కాదు, సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూడండి, ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ కొనుక్కోండి, లోపల ఇంకేం వేసుకోకుండా వేసుకోవాలి అవి, ఈ మాట నాకు షాపులో కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు పడితే మానేసేది మనమే.

ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక. అస్సలు అలవాటు లేని శరీరంతో మొదటి క్లాసులోనే పక్కవాళ్ళతో సమానంగా తొక్కాలని ప్రాణం పెట్టేస్తే కండ దెబ్బతిని ఆ పదార్థం రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడే ప్రమాదం ఉంది, స్పిన్నింగ్ మొదటి క్లాస్ తర్వాత ఇలా అయిన కేసులు డాక్టర్లు రాశారు. తొడలు విపరీతంగా వాచి, మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి వెళ్ళిపోండి. మొదటి రోజు ఇరవై నిమిషాలు తొక్కి దిగిపోండి, ఏం కాదు. బీపీ, గుండె, మోకాళ్ళ సమస్య ఉన్నవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు ముందు మీ డాక్టర్‌ని అడగండి.

మరి లాభం ఏంటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి చెప్పేది కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నిమిషాల గట్టి శ్రమ, మూడు క్లాసులంటే 135 నిమిషాలు, గట్టిగా తొక్కితే ఆ 75 దాటేస్తాం. నాకు మెట్లెక్కితే ఆయాసం పోయింది, నిద్ర బాగా పడుతుంది. బరువు రెండు కిలోలు తగ్గాను, అంతే, ఎక్కువ చెప్పను. బైక్ స్క్రీన్ మీద కనిపించే క్యాలరీల లెక్క నమ్మకండి, మీ బరువెంతో కూడా అడగని మెషీన్‌కి మీరెంత ఖర్చు పెట్టారో ఎలా తెలుస్తుంది. ఇంకోటి, కూర్చుని తొక్కేది కాబట్టి ఎముకల మీద బరువు పడదు, నలభై దాటిన మనకి ఎముకలకి నడక, బరువులు ఎత్తడం కూడా కావాలి, ఇదొక్కటే చాలదు.

ఇప్పుడు నేను ఈ వీడియో చేయడానికి అసలు కారణం. ఆ గదిలో ఎవరూ వెనకపడరు. అది నాకు పదో స్పిన్నింగ్ క్లాసులో అర్థమైంది. నా పక్కన పాతికేళ్ళ అమ్మాయి, ఇటు పక్క టీచర్ గారు, ముగ్గురి నాబ్ మూడు రకాలు, అమ్మాయి తొక్కే బరువు టీచర్ గారు కదపలేరు కూడా, కానీ పాట అయ్యేసరికి ముగ్గురం అక్కడే ఉన్నాం, ముగ్గురం రొప్పుతున్నాం. రెండేళ్ళ క్రితం నేను ఒక సైక్లింగ్ గ్రూపుతో ఆదివారం రైడ్‌కి వెళ్ళాను, పేరు వద్దు, అందులో ముప్పై మంది మగవాళ్ళు, మేం ఇద్దరం ఆడవాళ్ళం. పొద్దున్నే అయిదింటికి, ఇంకా చీకటి, బిగినర్స్ రైడ్ అన్నారు, నాలుగు కిలోమీటర్లకే వాళ్ళ వెనక లైట్లు కూడా కనపడలేదు. ఎవరూ ఏమీ అనలేదు, చెడ్డవాళ్ళు కూడా కాదు, ఊరికే వెళ్ళిపోయారు. మేమిద్దరం తెలియని రోడ్డు మీద ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ వెనక్కొచ్చాం. నాతో వచ్చినావిడ తన సైకిల్ అమ్మేసింది.

మా చెల్లి డల్లాస్‌లో ఉంటుంది, తను ఇంట్లోనే సైకిల్ వెనక చక్రం తీసి ట్రైనర్ అనే స్టాండుకి బిగించి జ్విఫ్ట్ అనే యాప్‌లో తొక్కుతుంది, స్క్రీన్ మీద ఒక ఊరు, రోడ్డు, దేశదేశాల వాళ్ళు మనతో తొక్కుతుంటారు. అందులో గ్రూప్ వర్కవుట్ అని ఉంటుంది, నాకది చాలా నచ్చింది, మీరు గంట పాటు ఎంత బలంగా తొక్కగలరో దాన్ని బట్టి మీ లెక్క మీకు, అందరూ తమ తమ బలంలో అదే శాతం తొక్కుతారు, యాప్ అందరినీ ఒక గుంపుగా ఉంచేస్తుంది, తక్కువ బలం ఉన్నవాళ్ళు కూడా జారిపోరు. ఆడవాళ్ళకే విడిగా పెట్టే రైడ్స్ కూడా ఉన్నాయి. 2022లో ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్స్, అంటే ఫ్రాన్స్‌లో రోజుల తరబడి సాగే పెద్ద సైకిల్ రేసు, ఎనిమిది స్టేజిలతో మళ్ళీ మొదలైతే దాని పేరులోనే జ్విఫ్ట్ ఉంది, స్పాన్సర్ వాళ్ళే, నెదర్లాండ్స్ అమ్మాయి ఆన్‌మీక్ వాన్ ఫ్లూటెన్ గెలిచింది, అప్పటికి ఆవిడకి 39 ఏళ్ళు. కాకపోతే ట్రైనర్ ఖరీదు, నెల నెలా డాలర్లు, మనలో చాలామందికి కుదిరేది కాదు. జిమ్ గదే నయం.

అలాగని గదిలోనే ఉండిపోమని కాదు. గది బైక్ మీద బ్యాలెన్స్ రాదు, బ్రేకు, మలుపు, గతుకు ఇవేవీ రావు. దానికి బయటకి రావాలి, గుంపుగా రావాలి. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకి సైకిల్ నేర్పారు, కలెక్టర్ షీలా రాణీ చుంకత్ గారు బ్యాంకుల చేత సైకిళ్ళకి లోన్లు కూడా ఇప్పించారు, లక్ష మందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారు. ఒక్కొక్కరే వెళ్ళి ఉంటే ఊరు నవ్వేది, వందల మంది ఒకేసారి ఎక్కేసరికి నవ్వేవాళ్ళ నోరు మూతపడింది.

అందుకే జిమ్ వాళ్ళకి నేను చెప్పేది, ఆడవాళ్ళ బ్యాచ్ పొద్దున ఆరింటికి పెట్టి లాభం లేదు, బాక్సులు కట్టే టైము అది, పిల్లలు స్కూల్‌కి వెళ్ళాక తొమ్మిదిన్నరకి పెట్టండి, మాది అలా మార్చాక అయిదుగురు కాస్తా పద్నాలుగు మంది అయ్యాం. సైక్లింగ్ గ్రూపుల అన్నయ్యలకి కూడా, బిగినర్స్ రైడ్ అని రాస్తే ఒకరు చివర్లో ఉండండి, అందరికన్నా నెమ్మదిగా వచ్చే మనిషి వెనకాల.

మేం పోయిన ఆదివారం అలాగే వెళ్ళాం, ఏడుగురం, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్లతో తెరిచారు, కార్లు రావు, నీడ ఉంటుంది. నార్సింగి దగ్గర మొదలుపెట్టాం. మా అందరిలో నెమ్మది టీచర్ గారు, ఆవిడ్ని ముందు పెట్టాం, ఎవరూ ఆవిడ్ని దాటకూడదని రూలు. మొదటి పది నిమిషాలు హ్యాండిల్ వణికింది, నేను పక్కనే ఉన్నాను. తర్వాత చిన్న ఎత్తు వచ్చింది, ఆవిడ కుడి చెయ్యి హ్యాండిల్ వదిలేసి కిందకి, రెండు కాళ్ళ మధ్యకి పోయింది, నాబ్ కోసం. లేదు కదా అక్కడ. అమ్మా గేర్, గేర్ అని వెనక నుంచి అందరం అరిచాం, ఆవిడ గేర్ మార్చారు, టక్కుమని సౌండ్ వచ్చింది, ఎక్కేశారు. పైకెక్కాక ఆపమన్నారు, నీళ్ళు తాగి, మొహం తుడుచుకుని, ఎంతైంది అన్నారు, ఆరు కిలోమీటర్లు అన్నాను. ఇంకో రెండు పోదాం అన్నారు.

వచ్చే ఆదివారం వాళ్ళ కోడల్ని కూడా తీసుకొస్తున్నారు, తనకి సైకిల్ అస్సలు రాదంట. నేను అరగంట ముందే వెళ్ళి సీటు సెట్ చేయాలి.