ఎయిర్ పిస్టల్‌కు ఇంట్లో మెరుగులు: మొదలు పెట్టాల్సింది చెక్క దగ్గర

[దృశ్యం: బల్ల మీద ఒక ఎయిర్ పిస్టల్. గొట్టంలోంచి నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ (గొట్టం ఖాళీ అని చూపించే తీగ) కొస బయటికి కనిపిస్తోంది. పక్కన ఆకురాయి, ఉప్పుకాగితం, రెండు డబ్బాల పుట్టీ, అర లీటరు నీళ్ల సీసా.]

పిస్టల్ వీడియో అని క్లిక్ చేస్తే వడ్రంగి సామాను చూపిస్తున్నాడేంటి అనుకుంటున్నారా? ఈ బల్ల మీద ఇంకేమీ రాదు. కొత్త గొట్టం రాదు, గట్టి స్ప్రింగ్ రాదు. మామూలు ఎయిర్ పిస్టల్‌ని ఇంట్లో కూర్చుని బాగుచేసుకోవాలంటే తొంభై పాళ్లు పని చెక్కతోనే, అంటే చేత్తో పట్టుకునే పిడితో. దాన్నే గ్రిప్ అంటారు.

ముందే ఒక మాట. నేను మాట్లాడేది 10 మీటర్ల దూరంలో కాగితం మీద కొట్టే ఎయిర్ పిస్టల్ గురించి, 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్ వేసేది. తూటా పేలే పిస్టళ్ల సంగతి వేరు, వాటి జోలికి ఇంట్లో వెళ్లకండి. ఎయిర్ పిస్టల్‌కైనా మీరుండే చోట లైసెన్సు కావాలా, వద్దా అన్నది కొనకముందే తెలుసుకోండి.

[దృశ్యం: చేతులు దగ్గరగా. పెల్లెట్ పెట్టే చోటు తెరిచి కెమెరాకు చూపించడం.]

పెల్లెట్ లేదు. గాలి లేదు. ఫ్లాగ్ ఉంది. స్క్రూ డ్రైవర్ పట్టుకున్న ప్రతిసారీ ఇది మళ్లీ చూస్తాను. నిన్న చూశాను కదా అనుకోను.

సరే. బలం పెంచడం ఎందుకు వద్దంటున్నానో చెప్తా. కొత్తగా కొన్నవాళ్లందరూ మొదట అడిగేది అదే: "అన్నా, స్ప్రింగ్ మారిస్తే ఇంకా స్పీడుగా పోతుందా?" పోతుంది, పోయి ఏం చేస్తుంది? అవతల ఉన్నది కాగితం. ఒలింపిక్స్‌లో వాడే పిస్టళ్లలో కూడా పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల చుట్టుపక్కలే పోతుంది. కాగితాన్ని గుండ్రంగా కోయడానికి అది చాలు. స్ప్రింగ్ గట్టిదైతే చేతిలో కుదుపు పెరుగుతుంది, సీళ్లు తొందరగా అరుగుతాయి, కొన్ని చోట్ల చట్టం గీసిన గీత కూడా దాటేస్తారు. గాలి సిలిండర్ ఉన్న పిస్టలైతే అందులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండున్నర బార్ లోపే. ఆ సిలిండర్‌ని, వాల్వ్‌ని ఇంట్లో విప్పే పని పెట్టుకోవద్దు. దాని మీద తేదీ కొట్టి ఉంటుంది, గడువు దాటిందేమో చూసుకోండి. అంతవరకే మన పని.

[దృశ్యం: తెల్ల కాగితం మీద చేత్తో గీసిన బొమ్మ. ముందు సైటు, వెనక సైటు, దూరంగా టార్గెట్.]

మరి గురి ఎక్కడ తప్పుతోంది? ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి.

గురి చూడటానికి పిస్టల్ పైన మూతి దగ్గర ఒక ముక్క, వెనక గాడి ఉన్న ఇంకో ముక్క ఉంటాయి, అవే సైట్లు. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు అనుకుందాం. టార్గెట్ 10 మీటర్లలో ఉంది. వెనక సైటు గాడి మధ్యలో ఉండాల్సిన ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. అవతల కాగితం మీద పెల్లెట్ ఎంత పక్కకు పోతుంది? 31 మిల్లీమీటర్లు. ఈ టార్గెట్‌లో ఒక రింగుకీ ఇంకో రింగుకీ మధ్య 8 మిల్లీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు తప్పుకి దాదాపు నాలుగు రింగులు గోవిందా.

ఇప్పుడు రెండో రకం తప్పు. సైట్లు రెండూ చక్కగా కలిసే ఉన్నాయి, చెయ్యి మాత్రం మొత్తంగా 8 మిల్లీమీటర్లు పక్కకు ఊగింది. పోయేది ఒక్క రింగే. చెయ్యి ఊగుతోందని అందరూ బాధపడతారు. చెయ్యి అందరిదీ ఊగుతుంది, అది పెద్ద నేరం కాదు. మణికట్టు దగ్గర పిస్టల్ తిరిగిపోవడమే అసలు దొంగ. దాన్ని తిరగనివ్వకుండా పట్టి ఉంచాల్సింది మీ అరచేతికి తగిలే ఆ చెక్క.

కొత్త పిస్టల్‌తో వచ్చే గ్రిప్ ఎవరి చేతికీ చేసింది కాదు. కొన్ని మోడళ్లలో ఎడమ చేతికీ కుడి చేతికీ ఒకటే ఉంటుంది. ఊళ్లో అందరికీ ఒకే కొలత చెప్పులు కుట్టినట్టు.

[దృశ్యం: నిలబడి, చెయ్యి దించి, కళ్లు మూసుకుని ఉన్న షూటర్. పిస్టల్ ఖాళీ, ముందు గోడకు తెల్ల కాగితం.]

ఏ భాగం చెక్కాలో, ఏ భాగం పెంచాలో ఎలా తెలుస్తుంది? కళ్లు మూసుకుంటే తెలుస్తుంది. నిజంగానే.

ఎప్పుడూ నిలబడేటట్టు నిలబడండి. పిస్టల్ పట్టుకుని కళ్లు మూసుకోండి. చెయ్యి లేపి, రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, అప్పుడు కళ్లు తెరవండి. సైట్లు సరిచేయొద్దు. ఉన్నవి ఉన్నట్టు చూడండి. పదిసార్లు చేసి ప్రతిసారీ ఏం కనిపించిందో రాసుకోండి.

సైట్లు రెండూ కలిసి ఉండి, టార్గెట్ మాత్రం పక్కకు ఉందా? అయితే చెక్కను ముట్టుకోవద్దు. అది కాళ్ల సంగతి, వెనక పాదం కొంచెం జరపండి. ముందు సైటు గాడిలో ఒక పక్కకు పోయి ఉందా? అది గ్రిప్ సంగతి. ఈ రెంటినీ కలగలిపేసి బంగారంలాంటి గ్రిప్పుని చెక్కి పాడుచేసినవాళ్లున్నారు. వాళ్లలో మొదటివాణ్ని నేనే. బొటనవేలు ఆనే అంచుని ఒక సాయంత్రమంతా అరగదీశాను, చివరికి చూస్తే నేను నిలబడటమే వంకరగా ఉంది.

కుడిచేతివాళ్లకి ముందు సైటు పదేపదే ఎడమకు పోతోందంటే పిస్టల్ మూతి ఎడమకు చూస్తోందన్నమాట. అరచేతి మడమ, అంటే మణికట్టు దగ్గరి లావు భాగం ఆనే చోట, గ్రిప్పుకు కుడివైపు వెనక కొంచెం పుట్టీ పెంచితే పిస్టల్ వెనకభాగం ఎడమకు నెట్టుకుపోతుంది, మూతి కుడికి వస్తుంది. సైటు పైకో కిందికో పోతుంటే ముందు గ్రిప్ అడుగున స్క్రూ ఉందేమో చూడండి. చాలా మోడళ్లలో గ్రిప్ వాలు దాంతోనే మారుతుంది, పుట్టీ అక్కర్లేదు.

[దృశ్యం: అరచేతికి లిప్‌స్టిక్ పూయడం. గ్రిప్ పట్టుకుని వదలడం. చెక్క మీద ఎర్రటి మచ్చలు.]

ఇది చూసి మా ఇంట్లో చాలా ప్రశ్నలు వచ్చాయి. లిప్‌స్టిక్ లేకపోతే సుద్దపొడి రాసుకోండి, అదీ పనిచేస్తుంది. రాసుకుని ఒక్కసారి పట్టుకుని వదిలేయండి.

ఇక్కడ చూడండి. రంగు రెండే చోట్ల ముద్దగా అంటింది, ఇక్కడ బొటనవేలి మొదట్లో, ఇక్కడ చిటికెనవేలి కింద. మధ్యలో చెక్క తెల్లగానే ఉంది. అంటే ఇంత పెద్ద పిస్టల్ నా చేతిలో రెండు బొడిపెల మీద నిలబడి ఉంది. అది ఊగక ఏం చేస్తుంది? ఆ రెండు బొడిపెలూ ఉప్పుకాగితంతో కొంచెం తగ్గించాలి, మధ్య గుంటని పుట్టీతో నింపాలి. చూపుడువేలు పక్కన మాత్రం రంగు అస్సలు కనిపించకూడదు. ఆ వేలు ట్రిగ్గర్‌ని తప్ప దేన్నీ తాకకూడదు. చెక్కని రాసుకుంటూ వెనక్కి వచ్చే వేలు ప్రతిసారీ పిస్టల్‌ని తనతోపాటు పక్కకు లాగుతుంది.

చెక్కేటప్పుడు గ్రిప్పుని పిస్టల్ నుంచి విప్పేసి పక్క గదిలో చెక్కండి. రంపంపొట్టు ట్రిగ్గర్ సందుల్లోకి పోయిందంటే తర్వాత ఏడుపే. ముక్కుకి మాస్కు వేసుకోండి. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 240 దగ్గర ఆపేయండి. అంతకన్నా నునుపు చేస్తే చెమటకి జారుతుంది. నాలుగు రుద్దులకోసారి పట్టుకుని చూడాలి. తీసిన చెక్క తిరిగి రాదు.

[దృశ్యం: రెండు పుట్టీలు కలిపి పిసకడం. గ్రిప్ మీద ముద్ద అద్దడం. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం.]

చెక్కకి వాడే రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ ఇది. గ్లవ్స్ తప్పనిసరి. అతికించే చోట చెక్కని ముందు గరుకు చేయండి, ప్లాస్టిక్ గ్రిప్ అయితే ఇంకా ఎక్కువ గరుకు చేయాలి. ముద్ద అద్ది, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, పిస్టల్‌కి బిగించి పట్టుకోవాలి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని నొక్కేస్తారు. కూర్చున్నప్పటి చెయ్యి వేరు, చాచి లేపిన చెయ్యి వేరు. చెయ్యి లేపగానే అరచేతిలో కండరాలు జరుగుతాయి. నిలబడి, గురి చూసే భంగిమలోనే పట్టు ముద్ర వేయాలి. ఇంకోటి, పొద్దున్నే లేచి చేయొద్దు. అరగంట ప్రాక్టీసు అయ్యాక చెయ్యి కొంచెం ఉబ్బుతుంది, పోటీలో ఉండేది ఆ చెయ్యే.

[దృశ్యం: అట్టతో చేసిన పెట్టె. అందులోకి పిస్టల్ దించడం. అడ్డం పడి ఆగిపోవడం.]

చూశారా, పట్టలేదు. అంతర్జాతీయ నియమం ప్రకారం పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పొడవు, ఎత్తు ఎవరికీ సమస్య కాదు. ఆ 50 దగ్గరే పుట్టీవాళ్లందరూ దొరికిపోతారు. అట్టముక్కతో ఈ పెట్టె చేసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. మణికట్టు బయటికి కనబడాలి, గ్రిప్ చేతిని చుట్టేయకూడదు, అరచేతి కింద ఆనే పలక గ్రిప్‌కి 90 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి, పైకి వంగకూడదు. పోటీలకు వెళ్లే ఉద్దేశం లేకపోయినా ఈ కొలతల్లోనే చేసుకోండి. ఉద్దేశాలు మారుతుంటాయి.

[దృశ్యం: పుట్టీ ఆరిన గ్రిప్‌కి గుడ్డతో నూనె రాయడం.]

పైన వార్నిష్ వద్దు. ఉడికించిన అవిసె నూనె పల్చగా ఒక పూత చాలు. కానీ ఆ నూనె గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. విప్పి, బయట తీగ మీద ఆరేయండి.

సైట్లకి పెద్దగా ఖర్చు లేదు. వెనక గాడిలో ముందు సైటుకి రెండువైపులా వెలుతురు సన్నగా, సమానంగా కనిపించాలి. మరీ బిగుతుగా ఉంటే కన్ను అలిసిపోతుంది. సైటు మెరుస్తుంటే కొవ్వొత్తి మసి పట్టించండి, తళుకు పోతుంది. పాతకాలం పద్ధతే కానీ ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

[దృశ్యం: ఖాళీ పిస్టల్ మూతి నిటారుగా పైకి. ట్రిగ్గర్ నుంచి దారంతో వేలాడుతున్న నీళ్ల సీసా.]

ఈ సీసా ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. నియమం ప్రకారం ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. అర లీటరు నీళ్లు 500 గ్రాములు, సీసా బరువు దానికి అదనం. పిస్టల్‌లో గాలీ పెల్లెట్టూ లేకుండా చూసి, ట్రిగ్గర్‌ని కాక్ చేసి (నొక్కితే క్లిక్ మనేలా సిద్ధం చేసి), మూతి నిటారుగా ఉంచి సీసాని నేల మీద నుంచి మెల్లగా లేపండి. క్లిక్ మనకుండా లేస్తే మీరు గీతకి ఇవతలే ఉన్నారు. కంపెనీ ఇచ్చిన స్క్రూలు మాత్రమే తిప్పండి, ఒక్కోసారి పావు చుట్టు. లోపల కొక్కేల్లా పట్టుకునే భాగాలని రుద్ది నునుపు చేయమని కొందరు చెప్తారు. వినొద్దు. అవి అరిగితే పిస్టల్ బల్ల మీద పెడుతుండగానే పేలొచ్చు. టోక్యో ఒలింపిక్స్‌లో 2021లో క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించడం చూశాం కదా, ఆ స్థాయిలోనే యంత్రం ఎదురు తిరగగలిగినప్పుడు మన స్క్రూ డ్రైవర్ ఎంత?

స్ప్రింగ్ పిస్టన్ ఉన్న మోడల్ అయితే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి. పిస్టన్‌ని ఆపే గాలి మెత్త ఉండదు, ఎదురుగోడకి కొట్టుకుంటుంది. సీసా పరీక్ష కూడా అలాంటి పిస్టల్‌కి చేయొద్దు. డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీసు చేసే ఏర్పాటు ఉన్న పిస్టళ్లకి ఆ బెంగ లేదు.

కళ్లద్దాలు, లెన్సులు, బరువు కడ్డీలు అడుగుతారు కామెంట్లలో, తెలుసు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లజోడుతో, రెండు కళ్లూ తెరిచి, మిక్స్‌డ్ టీమ్‌లో వెండి పతకం పట్టుకుపోయాడు. జేబులో చెయ్యి పెట్టుకున్నాడని స్టైల్ అనుకున్నారు జనం. భుజం కదలకుండా ఖాళీ చేతిని అలా ఎక్కడో ఒకచోట కట్టిపడేయడం ఈ ఆటలో అందరూ చేసేదే.

[దృశ్యం: చేతులు కడుక్కోవడం. తర్వాత గోడ ముందు నిలబడటం.]

పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, సీసం కదా. ఇక పుట్టీ పూర్తిగా ఆరింది, గ్రిప్ బిగించాను. మళ్లీ ఖాళీ చేసి చూశాను. కళ్లు మూసుకుంటున్నా.

[దృశ్యం: చెయ్యి లేస్తుంది. రెండు ఊపిర్లు. షూటర్ కంటి వైపు నుంచి కెమెరా: గాడిలో ముందు సైటు కొంచెం ఎడమకు.]

ఇంకా ఎడమకే ఉంది. మొన్నటికన్నా సగం తగ్గింది. పుట్టీ డబ్బా ఇలా ఇవ్వండి.