ఏ తారీఖున పడవెక్కావ్?

అందరికీ నమస్కారం అండి. మైక్ వెనక్కి వినిపిస్తోందా? సరే.

మన దగ్గర వియత్నాం అనగానే చిన్న దేశం అమెరికాని ఓడించింది అన్న ముచ్చటే ముందు వస్తుంది, లెఫ్ట్ పార్టీల సభల్లో పెరిగినవాళ్ళకైతే మరీను. ఆ కథ 1975 ఏప్రిల్ 30న, అమెరికా వెనకేసుకొచ్చిన సౌత్ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతిలో పడిపోవడంతో అయిపోతుంది. నేను ఇవాళ ఆ తర్వాత దేశం వదిలేసి పోయినవాళ్ళ గురించి మాట్లాడదామని వచ్చా. వాళ్ళ గురించి చదువుతుంటే నాకు మాటిమాటికీ తగిలింది ఒకటే, మనిషి ఎంత కష్టపడ్డాడు, ఎంత భయపడ్డాడు అన్నదానికన్నా ఏ తారీఖున బయల్దేరాడు అన్నదే వాడి బతుకుని తేల్చింది.

మొదటి బ్యాచ్ 1975దే. సైగాన్ పడిపోయే రోజుల్లో విమానాల్లో, హెలికాప్టర్లలో, నేవీ ఓడల్లో బయటపడి అమెరికా చేరినవాళ్ళు లక్షా పాతికవేల పైచిలుకు. ఎక్కువమంది సౌత్ వియత్నాం ఆర్మీ ఆఫీసర్లు, గవర్నమెంట్ ఉద్యోగులు, అమెరికా ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు. ముందు పసిఫిక్‌లో అమెరికా చేతిలో ఉన్న గ్వామ్ దీవిలో టెంట్లు, అక్కణ్ణించి అమెరికాలో నాలుగు మిలిటరీ క్యాంపులు, కాలిఫోర్నియాలో పెండిల్టన్, ఆర్కన్సాలో ఫోర్ట్ చాఫీ, ఫ్లోరిడాలో ఎగ్లిన్, పెన్సిల్వేనియాలో ఇండియన్‌టౌన్ గ్యాప్. క్యాంపు గేటు దాటాలంటే ఒక స్పాన్సర్ కావాలి, అంటే ఇల్లు, తిండి, పని మేం చూసుకుంటాం అని పూచీ ఇచ్చేవాళ్ళు. ఎక్కువగా చర్చిలు, చర్చి సంఘాలు ముందుకొచ్చాయి. అప్పటి గ్యాలప్ సర్వేలో సగానికి పైగా అమెరికన్లు వీళ్ళు మాకొద్దు అన్నారు, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇంకో సంగతి, అందర్నీ ఒకేచోట పెడితే భారం అని గవర్నమెంటు కావాలనే దేశమంతా చెదరగొట్టింది. అయిదేళ్ళు కూడా గడవకముందే వీళ్ళు సామాను సర్దుకుని చుట్టాలున్న చోటికి, ఎండ ఉన్న చోటికి, చేపల పులుసుకి కావల్సిన సరుకు దొరికే చోటికి కదిలిపోయారు. ఆరెంజ్ కౌంటీలో వెస్ట్‌మిన్‌స్టర్, హ్యూస్టన్, శాన్‌హోజే అలా తయారైనవే. ఇవాళ వియత్నాం బయట ఒకే సిటీలో అందరికన్నా ఎక్కువమంది వియత్నామీయులున్నది శాన్‌హోజేలో. మన తెలుగువాళ్ళు అక్కడ అపార్ట్‌మెంట్ తీసుకుని వారం తిరక్కుండానే పక్కవీధిలో ఫో, అంటే వియత్నాం నూడుల్ సూప్, దొరికే హోటల్ కనిపెట్టేస్తారు, ఆ వీధి వెనక ఉన్న కథ మాత్రం ఎవరూ అడగరు.

గ్వామ్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అక్కడ టెంట్లలో ఉన్నవాళ్ళలో పదిహేను వందల పైన మేం వెనక్కెళ్ళిపోతాం అన్నారు, పెళ్ళాం బిడ్డలు అక్కడే ఉండిపోయారు, మమ్మల్ని పంపించండి అని నిరాహారదీక్షలు చేశారు, గుండ్లు కొట్టించుకున్నారు. చివరికి 1975 అక్టోబర్లో థువాంగ్ టిన్ అనే ఓడ ఇచ్చి పంపించారు. ఒడ్డుకి దిగగానే కొత్త ప్రభుత్వం పట్టుకుని రీఎడ్యుకేషన్ క్యాంపుల్లో, అంటే బుద్ధి మారుస్తామని బంధించి ఉంచే చోట్ల పడేసింది, ఓడ నడిపిన కెప్టెన్‌కి పన్నెండేళ్ళు జైలు. శరణార్థి అంటే పారిపోవాలనుకునేవాడే అని మనం ఊహించుకుంటాం కదా, వీళ్ళని ఏ లెక్కలో వెయ్యాలో నాకిప్పటికీ అర్థం కాదు.

రెండో ఘట్టం 1978, 79. ఇదీ అసలు పడవల కాలం. 1978 మార్చిలో ప్రైవేటు వ్యాపారం రద్దు చేశారు, దెబ్బ ఎక్కువగా తగిలింది సైగాన్ పక్కన చోలోన్‌లో షాపులు నడుపుకునే చైనా మూలాలవాళ్ళకి, అదే టైంలో చైనాతో గొడవ ముదిరి 79 ఫిబ్రవరిలో యుద్ధమే వచ్చింది. వీళ్ళు పోతే పోనీ అన్నట్టు కొన్నిచోట్ల అధికారులే తలకింత బంగారం పుచ్చుకుని పడవలెక్కించారు. ఉత్తరాన ఉన్నవాళ్ళు రెండున్నర లక్షలమంది పైగా చైనాలోకే దాటేశారు, అక్కడ ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల్లో పనికి పెట్టారు, వీళ్ళ మాట ఎక్కడా వినపడదు.

ఈ టైంలోదే హుయ్ ఫాంగ్ ఓడ. 1978 డిసెంబర్లో మూడువేల మూడొందల మందితో హాంకాంగ్ బయట నిలబడింది, దాదాపు నెల్రోజులు దిగనివ్వలేదు, దిగనిచ్చాక ఇంజిన్ రూంలో దాచిన బంగారం దొరికింది, కెప్టెన్ మీద కేసు పెట్టారు. ఆ ఓడలో వచ్చినవాళ్ళలో డేవిడ్ ట్రాన్ ఒకాయన. 1980లో లాస్ ఏంజెలెస్‌లో మిరపకాయల సాస్ చెయ్యడం మొదలుపెట్టి కంపెనీకి ఆ ఓడ పేరే పెట్టాడు. అమెరికాలో మన పిల్లలు నూడుల్స్ మీద, ఒక్కోసారి దోశ మీద కూడా పోసుకునే కోడిపుంజు బొమ్మ శ్రీరాచా సీసా ఆయనదే.

అందరికీ అంత అదృష్టం లేదు. థాయిలాండ్ సింధుశాఖలో దొంగలు పడవలెక్కి దోచుకోవడం, ఆడపిల్లల్ని ఎత్తుకుపోవడం, అవన్నీ సాక్ష్యాలతో సహా ఉన్నాయి, ఇక్కడ వివరంగా చెప్పను. ఎదురుగా వచ్చిన పెద్ద ఓడలు చూసీ చూడనట్టు పోయేవి. 1977లో అలా వదిలేసిన ఒక పడవలోని 66 మందిని ఇజ్రాయెల్ ఓడ ఎక్కించుకుంది, బెగిన్ ప్రధాని కాగానే వాళ్ళకి తన దేశంలో చోటిచ్చాడు.

1979 జూన్ ఒక్క నెలలోనే ఆగ్నేయాసియా తీరాలకి యాభై నాలుగు వేలమంది వచ్చిపడ్డారు. మలేసియాలో పులావ్ బిడాంగ్ అని చదరపు కిలోమీటరంత దీవి, దాంట్లో నలభై వేలమంది. ఆ నెలాఖరికి మలేసియా, ఇండోనేసియా, థాయిలాండ్, సింగపూర్, ఫిలిప్పీన్స్ కలిసి ఇంక కొత్తవాళ్ళని రానివ్వం అనేశాయి. అప్పుడు జూలైలో జెనీవా మీటింగ్, 65 దేశాలు. బేరం ఏంటంటే మీరు తాత్కాలికంగా ఉంచుకోండి, మేం తీసుకెళ్ళిపోతాం. రెండు లక్షల అరవై వేల సీట్లు ప్రకటించారు. దయ లేదనను, కానీ బేరమే ఎక్కువ.

కెనడా సంగతి నాకు నచ్చుతుంది. అయిదుగురు కలిసి సంతకం పెడితే ఒక కుటుంబాన్ని ఏడాదిపాటు చూసుకోవచ్చు అన్నారు, ఇరుగుపొరుగు, ఆఫీసు కొలీగ్స్, చర్చివాళ్ళు గుంపులు కట్టారు. 1980 ఆఖరికి అరవై వేలమంది వచ్చారు, అందులో సగానికి పైగా ఇలా మామూలు జనం పూచీ మీదే. శరణార్థులకి సాయం చేసినవాళ్ళకిచ్చే నాన్సెన్ మెడల్‌ని 1986లో ఐక్యరాజ్యసమితి మొత్తం కెనడా ప్రజలకి ఇచ్చింది. ఆస్ట్రేలియాకైతే నేరుగా పడవలో వచ్చినవాళ్ళు రెండువేలే, మిగతా వేలమంది క్యాంపుల నుంచి విమానాల్లో దిగారు. ఆ పడవల్లోనే 1977లో డార్విన్ చేరిన హ్యూ వాన్ లే తర్వాత సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు.

ఇక్కడ ఆపేస్తే కథ సుఖాంతం, వచ్చారు, కష్టపడ్డారు, పైకొచ్చారు అని చప్పట్లు కొట్టచ్చు. కానీ 1981లో టెక్సస్ తీరంలో రొయ్యలు పట్టుకునే వియత్నామీయుల్ని తెల్లజాతి దురహంకారుల ముఠా కూ క్లక్స్ క్లాన్ బెదిరిస్తే వాళ్ళు కోర్టుకెక్కి గెలిచారని కూడా చెప్పాలి. పైగా అప్పటికింకా పడవలు ఆగలేదు.

1989కి లోకానికి విసుగొచ్చింది. మళ్ళీ జెనీవాలో కూర్చుని ఒక గీత గీశారు. చాలా దేశాల్లో 1989 మార్చి 14, హాంకాంగ్‌లో ఇంకా ముందే, 1988 జూన్ 16. గీతకి ముందొచ్చావా, ఏ ప్రశ్నా లేకుండా శరణార్థివి. తర్వాతొచ్చావా, నిన్ను వేటాడారని నువ్వే నిరూపించుకో, లేకపోతే డబ్బు కోసం వచ్చినోడివి, వెనక్కి పో. గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్న మనవాళ్ళకి డేట్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు, అక్కడ మాత్రం ముళ్ళకంచె వెనక ఏళ్ళకేళ్ళు. ఒకే ఊరు, ఒకే కుటుంబం, అన్న ముందు పడవ, తమ్ముడు తర్వాత పడవ అయితే అన్నకి కాలిఫోర్నియా, తమ్ముడికి హాంకాంగ్ వైట్‌హెడ్ క్యాంపు. 1989 డిసెంబర్లో ఒక అర్ధరాత్రి హాంకాంగ్ 51 మందిని బలవంతంగా విమానమెక్కించింది, అందులో ఆడవాళ్ళు, పిల్లలే ఎక్కువ. తర్వాత కొన్నేళ్ళలో అన్ని క్యాంపుల నుంచీ కలిపి లక్షమందికి పైగా తిరిగెళ్ళారు. హాంకాంగ్‌లో చివరి క్యాంపు మూసింది 2000లో.

అమెరికా వచ్చేసినవాళ్ళనైనా తారీఖు వదిలిందా అంటే, లేదు. చిన్నప్పుడొచ్చి సిటిజన్‌షిప్ తీసుకోకుండా ఉండిపోయి, కుర్రతనంలో ఏదో కేసులో జైలుకెళ్ళినవాళ్ళు కొన్నివేలమంది ఉన్నారు, వాళ్ళ మీద డిపోర్టేషన్ ఆర్డర్లున్నాయి. 2008లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి, దాంట్లో మళ్ళీ ఒక డేట్, 1995 జూలై 12, అంటే దౌత్య సంబంధాలు మొదలైన రోజు. దానికి ముందు అమెరికా వచ్చినవాళ్ళని ఈ ఒప్పందం కింద వెనక్కి పంపరు అని రాసుకున్నారు. 2020లో ఇంకో కాగితం మీద సంతకాలయ్యాయి, ఆ ముందొచ్చినవాళ్ళని కూడా పంపడానికి దారి తెరుచుకుంది.

అదండీ. టీ వచ్చేలోపు ప్రశ్నలుంటే అడగండి.