జాజిపువ్వు, వానపాము, పాము

అందరికీ నమస్కారమండీ. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా కవిత్వంలో ప్రకృతి అంటే ఎమర్సన్ దగ్గర మొదలెట్టి విట్మన్ దాకా రావాలి, కానీ నేనివాళ ఒక్క ఎమిలీ డికిన్సన్ గురించే చెప్తాను, ఎందుకంటే వాళ్ళిద్దరూ గొంతెత్తి పాడారు, ఈవిడేమో వంగి దగ్గరగా చూసింది, నాకు ఆ చూపంటే ప్రాణం.

మసాచుసెట్స్‌లో ఆమ్‌హెర్స్ట్ వాళ్ళ ఊరు. స్కూల్లో బాటనీ చదువుకునే వయసులో పువ్వులూ ఆకులూ కోసుకొచ్చి, ఎండబెట్టి, ఒక పుస్తకంలో అతికించుకుంది, 66 పేజీలు, 424 మొక్కలు, చాలావాటికి లాటిన్ పేర్లు కూడా రాసుకుంది. మొదటి పేజీలో ఏముందో తెలుసా, జాజి! ఆ మంచులో బయట బతికే మొక్క కాదది, ఇంట్లో పెట్టి కాపాడుకోవాల్సిందే.

ఆ చూపే తర్వాత కవితల్లోకొచ్చింది. ఒక పిట్ట బాటమీదకి దిగుతుంది, ఎవరో చూస్తున్నారని దానికి తెలీదు, వానపామును రెండు ముక్కలు చేసి పచ్చిగా మింగేస్తుంది, గడ్డిమీద మంచుబొట్టు తాగుతుంది, ఆ తర్వాత ఓ పురుగు వస్తుంటే దారి ఇవ్వడానికి గోడవైపుకి పక్కకి గెంతుతుంది. అదే ముక్కుతో చంపిందీ, అదే పిట్ట మర్యాదా చూపించింది, ఎమిలీ ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచలేదు చూడండి.

ఇంక పాము కవిత. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లాడు పొద్దున్నే ఎండలో కొరడా తాడు పడుందనుకుని తీసుకోబోతాడు, అది ముడతపడి జారుకుంటుంది. మన వేదాంతంలో తాడుని చూసి పామనుకుంటాం కదా, ఇక్కడ పామునే తాడనుకున్నాడు! అదెప్పుడు ఎదురైనా ఊపిరి బిగుసుకుపోయి ఎముక దగ్గర జీరో అయిపోతుందంటుంది చివర్లో. ఆ జీరోని మన సెల్సియస్‌లో అనుకోకండి, వాళ్ళది ఫారన్‌హీట్, అంటే మనకి మైనస్ 18 దాకా వెళ్ళాలి, అంత చలి.

1866లో ఒక పేపర్ ఈ కవితని ఆవిడ పేరు లేకుండా, ఆవిడ పెట్టని టైటిల్ పెట్టి వేసింది, మూడో లైన్ చివర ఓ విరామ గుర్తు కూడా చేర్చింది. ఆవిడ బాధపడి ఉత్తరం రాసింది, నాది దొంగిలించారని, పైగా ఆ గుర్తువల్ల మూడో లైన్ నాలుగోదాన్నుంచి తెగిపోయిందని. దాదాపు 1800 కవితలు రాసి, బతికుండగా పదో పదకొండో మాత్రమే అచ్చయిన మనిషి ఒక్క గుర్తు గురించి అంత బాధపడిందంటే నాకు గుండె పట్టేసినట్టుంటుంది.

ఆ పువ్వుల పుస్తకం ఇప్పుడు హార్వర్డ్ లైబ్రరీలో ఉంది, కాగితాలు పెళుసైపోయి ముట్టుకోనివ్వరు గానీ స్కాన్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. ఇంటికెళ్ళాక ఒకసారి ఆ మొదటి పేజీ తెరవండి.