పెనాంగ్ వీధి తిండి: ఈ పులుపు మన నాలుకకు తెలిసినదే

నమస్కారం. ముందుగా ఈ గిన్నె చూడండి. కెమెరా ఇంకాస్త దగ్గరికి తెస్తున్నాను. ఎర్రమట్టి రంగులో చిక్కటి పులుసు, అందులో మునిగిన లావుపాటి తెల్ల బియ్యపు నూడుల్స్, పైన సన్నగా తరిగిన కీరా, అనాసపండు, ఉల్లిపాయ, పుదీనా, మధ్యలో గులాబీ రంగు పూరేకుల తరుగు. పక్కన చెంచాలో నల్లగా, బెల్లం పాకంలా సాగుతున్న రొయ్యల ముద్ద. దీని పేరు ఆసమ్ లక్సా. మలయ్ భాషలో ఆసమ్ అంటే పులుపు.

మలేషియాలోని పెనాంగ్ ద్వీపంలో ఐదు రోజులు ఉన్నాను. రోజుకు నాలుగైదు చోట్ల తిన్నాను. మళ్లీ ఒక్క వంటకం కోసమే విమానం ఎక్కమంటే ఈ గిన్నె కోసమే ఎక్కుతాను. అందుకే దీనితోనే మొదలుపెడుతున్నాను.

ఇది నేను తిన్నది ఆయిర్ ఇతమ్ సంత దగ్గర, కెక్ లోక్ సి బౌద్ధాలయానికి వెళ్లే దారిలో. బండి దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. గిన్నెలో నూడుల్స్ వేసింది. మరుగుతున్న పులుసు గరిటెతో పోసింది. ఇక ఇచ్చేస్తుందని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. గిన్నె వంచి, నూడుల్స్ జారకుండా గరిటె అడ్డం పెట్టి, పులుసంతా తిరిగి కుండలోకి ఒంపేసింది. మళ్లీ పోసింది, మళ్లీ ఒంపింది. అలా మూడుసార్లు. చల్లటి నూడుల్స్ లోపలిదాకా వేడెక్కడానికి ఇలా చేస్తారు. నాలుగోసారి పోసిన పులుసు మాత్రమే మన చేతికి వస్తుంది. వరుసలో పదిహేను మంది ఉన్నా ఆవిడ ఒక్క గిన్నెకు కూడా ఆ పని తగ్గించలేదు.

ఇప్పుడు పులుసు సంగతి. ఇందులో కొబ్బరి పాలు ఉండవు. కొబ్బరి పాలతో చేసే లక్సా వేరు, అది సింగపూర్‌లోనూ మలేషియాలోని ఇతర ఊళ్లలోనూ ఎక్కువ. పెనాంగ్ లక్సాకు ప్రాణం చేప, పులుపు. పులుపు కోసం చింతపండుతో పాటు ఆసమ్ గెలుగోర్ అనే కాయను ముక్కలు కోసి ఎండబెట్టి వేస్తారు. చేపను ఉడికించి, ముళ్లు తీసి, మెత్తగా చిదిమి పులుసులోనే కలిపేస్తారు. అందుకే అంత చిక్కదనం. ఆ చేపను అక్కడ ఇకాన్ కెంబుంగ్ అంటారు. మన కోస్తాలో కానాగంతలు, కనగర్తలు అంటామే, ఆ జాతి చేపే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ చేపకు శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ కనగుర్త మన తెలుగు మాటే. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో చేపలను సేకరించి, మన జాలర్లు పిలిచే పేర్లతోనే 1803లో ప్రచురించాడు. ఆ పేరే శాస్త్రంలో నిలిచిపోయింది. పెనాంగ్ బండి దగ్గర నిలబడి ఈ పులుసు తాగుతుంటే ఆ సంగతి గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది.

రుచి ఎలా ఉందంటారా? మొదటి గుక్కలో పులుపు, వెంటనే మిరపకాయ కారం. ఆ తర్వాత అల్లం జాతికి చెందిన బుంగా కంతాన్ అనే పూమొగ్గ వాసన. గులాబీ రంగులో కనిపించేది అదే. మన దగ్గర దానికి పోలిక చెప్పగలిగిన వాసన లేదు. ఆ నల్లటి రొయ్యల ముద్దను ఒకేసారి కలపకండి. ముందు సగం గిన్నె అలాగే తినండి. తర్వాత ముద్ద కలపండి, గిన్నె పూర్తిగా మారిపోతుంది. ఎండు రొయ్యల కూర ఇష్టంగా తినే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది పండుగే. చేప వాసన పడనివాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లవద్దు. ధర నాకు 7 రింగిట్లు పడింది. ఒక రింగిట్ అంటే ఇరవై రూపాయల పైచిలుకు.

రెండోది నాసి కందర్. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి. తమిళ ముస్లిం వ్యాపారులు ఒకవైపు అన్నం, మరోవైపు కూరలు కావడికి కట్టుకుని వీధుల్లో తిరుగుతూ, రేవులో పనిచేసే కూలీలకు అమ్మేవారు. కావడి పోయింది, పేరు మిగిలింది. క్యాంప్‌బెల్ వీధిలోని హమీదియా అనే నాసి కందర్ దుకాణం 1907 నుంచి నడుస్తోంది. ఈ దుకాణాలవాళ్లను మామక్ అంటారు. మనం కూడా వాడే మామ అనే మాటకు అది చుట్టమే.

పళ్లెంలో అన్నం పెట్టి, మనం చూపించిన కూర వేసి, ఆ తర్వాత వడ్డించే ఆయన చెయ్యి ఆగదు. కోడి కూర పులుసు ఒక గరిటె, చేప పులుసు ఒక గరిటె, నల్లటి మసాలా గుజ్జు ఒక గరిటె, అన్నీ ఒకదాని మీద ఒకటి. పులుసు ఎక్కువ కావాలంటే బంజిర్ అనాలి. బంజిర్ అంటే వరద. మనం పప్పు, పులుసు, పెరుగు వరుసగా వేరువేరుగా కలుపుకుని తినే అలవాటున్నవాళ్లం కాబట్టి చూడగానే మనసు వెనక్కి లాగుతుంది. విడిగా గిన్నెల్లో ఇమ్మని అడగకండి. నాలుగు పులుసులు కలిసిన చోటే దీని రుచి ఉంది. బెండకాయ ఒకటి తప్పకుండా వేయించుకోండి.

ఒక జాగ్రత్త. పెద్ద రొయ్య, చేప గుడ్ల జెన తీసుకునే ముందు ధర అడగండి. ఒక చోట నేను అడగకుండా ఒక్క రొయ్య చూపించాను. మిగిలిన భోజనం మొత్తం కన్నా ఆ రొయ్య ఖరీదే ఎక్కువైంది. రుచిగానే ఉంది, కానీ ముందే తెలిసి ఉంటే తీసుకునేదాన్ని కాదు.

చార్ క్వే తియావ్ గురించి అందరూ గొప్పగా చెబుతారు. వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌ను రొయ్యలు, గుడ్డు, పెసర మొలకలు, చిన్న గుల్లలతో పెద్ద మంట మీద వేయిస్తారు. రెండు చోట్ల తిన్నాను. పర్యాటకులు గుమిగూడే వీధిలో ఒకాయన ఒకేసారి నాలుగు పళ్లాలకు సరిపడా బాణలిలో పోశాడు. తడిగా, ముద్దగా వచ్చింది. మర్నాడు సందులో ఒక ముసలాయన బొగ్గుల మీద ఒక్కొక్క పళ్లెమే వేయించాడు. ఆ మంట వాసన నూడుల్స్‌కు పట్టింది, అంచులు కొద్దిగా మాడి కరకరలాడాయి. కాబట్టి బండి పేరు కాదు, బాణలిలో ఎంత పోస్తున్నారో చూడండి. చైనావాళ్ల బండ్ల మీద దీన్ని తరచుగా పంది కొవ్వుతో వేయిస్తారని గుర్తుంచుకోండి.

ఎండకు చెండోల్ తాగండి. తురిమిన మంచు, కొబ్బరి పాలు, కొబ్బరి చెట్టు నీరా కాచి చేసిన బెల్లం పాకం, ఎర్ర చిక్కుడు గింజలు, పచ్చటి పిండి తీగలు. ఆ పచ్చదనం, సువాసన పాందాన్ ఆకుది. మన మొగలికి దగ్గరి చుట్టం అది. తాటి బెల్లం రుచి తెలిసినవాళ్లు ఈ పాకాన్ని వెంటనే గుర్తుపడతారు.

ఉదయం పూట మన పరోటాలాంటి రోటి చనాయ్, పప్పు పులుసు, పైనుంచి కిందికి పోసి నురుగు తెప్పించిన తెహ్ తారిక్ టీ. కొబ్బరి పాలతో వండే అన్నం నాసి లెమాక్‌తో కలిపి ఈ మలేషియా ఉదయపు తిండి సంస్కృతిని 2024 డిసెంబరులో యునెస్కో తన జాబితాలో చేర్చింది. టీలో తీపి మరీ ఎక్కువ. కురాంగ్ మానిస్ అనండి, తగ్గిస్తారు.

మరికొన్ని మాటలు నేర్చుకుని వెళ్లండి. ఆయమ్ అంటే కోడి, ఇకాన్ చేప, ఉదాంగ్ రొయ్య, కంబింగ్ మేక, బాబి పంది. దాగింగ్ అంటే మాంసం, కానీ కూరల దుకాణంలో అది దాదాపు ఎప్పుడూ గొడ్డు మాంసమే. తిననివాళ్లు ఈ ఒక్క మాట మరిచిపోవద్దు. బండ్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట ముందు బల్ల చూసుకుని, దాని నంబరు బండి దగ్గర చెప్పాలి. తిండి తెచ్చినప్పుడు డబ్బు ఇస్తే సరిపోతుంది. పానీయాలు అమ్మేవాళ్లు వేరు, వాళ్లే బల్ల దగ్గరికి వస్తారు.

సామానులో పచ్చడి సీసాలు, పొడులు సర్దుకుని వెళ్లి, భారతీయ హోటలు ఎక్కడుందని వెతికే మనవాళ్లను ఈసారి కూడా చూశాను. పిల్లలు, పెద్దలు వెంట ఉంటే ఆ భయం నాకు అర్థమవుతుంది. ఆ సీసాలు సంచిలోనే ఉంచి, ఒక్క పూట, ఒక్క గిన్నె లక్సా నలుగురూ పంచుకుని చూడండి.

చివరి రోజు విమానానికి ముందు మళ్లీ ఆయిర్ ఇతమ్ వెళ్లాను. పెద్దావిడ నన్ను గుర్తుపట్టింది. పులుసు మూడుసార్లు పోసి ఒంపింది, నాలుగోసారి నింపింది. తర్వాత నల్ల ముద్ద ఉన్న చెంచా ఎత్తి, ఇంకొంచెం వెయ్యనా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. నేను రెండు వేళ్లు చూపించాను.